తాళరహిత కాలనీ

మా లలితా నగర్‌లో ఆ వేసవిలో వరసగా దొంగతనాలు జరిగాయి. ఎవరైనా పెళ్ళికో పుణ్యక్షేత్రానికో వెళ్ళొచ్చేసరికి తాళం విరిగి గుమ్మం ముందు పడి ఉండేది. కాలనీ అంతా హడలిపోయింది. ఇలాంటప్పుడు ఏ కాలనీ వాళ్ళయినా చేసే పనే మేమూ చేశాం. సభ పెట్టాం.

ఆ సభలో నేను నోరు మూసుకుని కూర్చోవలసింది. కానీ నా పేరు పొన్నాడ దక్షిణామూర్తి. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా పాఠానికి పిల్లలు నిద్రపోయినా ఏనాడూ బాధపడలేదు గానీ, సభలో మైకు నా దాకా రాకుండా వెళ్ళిపోతే మాత్రం ఆ పూట నాకు అన్నం సహించదు. ఈ సంగతి తెలిసిన మా ఆవిడ సువర్చల, సభలకి నాతో రావడం ఎప్పుడో మానేసింది.

ఆ రోజు వేదిక మీద మా కాలనీ సంఘం అధ్యక్షుడు సలాది వీర్రాజు గారు, టౌన్ ఎస్సై లోవరాజు, వారి మధ్యన గృహ భద్రతా చైతన్య విభాగం జిల్లా అధికారి ఉదయభాస్కర్ గారు కూర్చున్నారు. వీర్రాజు గారిది రొయ్యల మేత వ్యాపారం. ఆయన నాలుగు మాటల్లో స్వాగతం చెప్పి కూర్చున్నాడు. ఉదయభాస్కర్ గారు అలాంటి మనిషి కాదు. ఆయన 'చేస్తాం' అనరు, 'చేపట్టడం జరుగుతుంది' అంటారు. ప్రసంగం మధ్యలో గ్లాసెత్తి నీళ్ళు తాగి, ఆలస్యానికి మన్నించమని, "తాగునీరు స్వీకరించడం జరిగింది" అన్నారు.

చివర్లో సభికుల సూచనలు అడిగారు. నేను లేచాను.

"గణాంకాలు చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. మన కాలనీలో దొంగలు పడ్డ ప్రతి ఇంటికీ తాళం వేసి ఉంది. తాళం వేయని ఇంట్లో ఒక్క దొంగతనమూ జరగలేదు. కనుక..."

మైకు కీచుమని అరిచి ఆగిపోయింది. వీర్రాజు గారు దాని మీద అరచేత్తో నాలుగు దెబ్బలు వేశాడు. ఈలోగా ఉదయభాస్కర్ గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆగండి!" అన్నారు. "మాస్టారు ఏం సెలవిచ్చారో గమనించారా? నూటికి నూరు శాతం! ఏ పథకంలోనూ నూటికి నూరు శాతం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ మనం దొంగ కోసం వెతుకుతున్నాం. ఆ దొంగని పిలుస్తున్నది మన గుమ్మానికే వేలాడుతోంది. తాళం! తాళమే చోరీకి మూలకారణం. దాన్ని నిర్మూలించడం జరిగితే చోరీ నిర్మూలన దానంతటదే జరుగుతుంది!"

చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది వీర్రాజు గారు, రెండోవాడు ఎవరో నాకు గుర్తులేదు, మూడోవాణ్ణి నేనే.

ఇంటికి రాగానే సువర్చల అడిగింది. "ఇంతకీ ఆ 'కనుక' తరవాత మీరేం చెబుదామనుకున్నారు?"

"ఇంట్లో మనుషులుంటే దొంగలు రారని. ఊరెళ్ళేటప్పుడు ఎవర్నైనా పడుకోబెట్టుకోవాలని."

"మరా ముక్క చెప్పొచ్చుగా."

"అప్పటికే చప్పట్లు కొట్టేశారు సువర్చలా."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజానికి మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఉదయభాస్కర్ గారికి ఆ మిగతా సగం చెబుదామనే బయల్దేరాను. వెళ్ళేసరికి ఆయన లేచి ఎదురొచ్చి, నన్ను తన కుర్చీకి ఎదురుగా కూర్చోబెట్టి, పక్కనున్న గుమాస్తాతో, "పొన్నాడ సూత్రం అంటే వీరిదేనయ్యా," అన్నారు. నా పేరు మీద ఒక సూత్రం ఉందని విన్నాక దాన్ని సవరించడానికి నాకు నోరు రాలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. 'తాళము అనునది నివాసి యొక్క గైర్హాజరును బహిరంగముగా ప్రకటించు లోహ పరికరము' అని మొదలైంది. మా కాలనీని రాష్ట్రంలోనే మొట్టమొదటి తాళరహిత కాలనీగా తీర్చిదిద్దడానికి ఎంపిక చేసినట్టు, అందుకు నన్ను కన్వీనరుగా నియమించినట్టు అందులో రాసి ఉంది. సువర్చలకి చదివి వినిపించాను. ఆమె 'నియమించడమైనది' అన్న చోట ఆపించి, "జీతమేమైనా ఇస్తారా?" అంది. బ్యాడ్జీ ఇస్తారని చెప్పాను.

ఆ ఆదివారం ఇల్లిల్లూ తిరిగి తాళాలు సేకరించాం. ముందు డప్పులు, వెనకాల బ్యానరు, బ్యానరు వెనక నేను. ఇత్తడి తాళాలు, ఇనప తాళాలు, సైకిలు గొలుసులు, తాతల నాటి భోషాణం తాళం, అన్నీ ఒక ట్రాలీలో పోశాం. కమ్యూనిటీ హాలు ముందు వాటిని కుప్ప పోసి, ఆ కుప్పకి ఒక పక్క ఉదయభాస్కర్ గారు, ఇంకో పక్క నేను నిలబడి ఫొటో దిగాం. మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. కుప్ప బాగా పడింది, నా చెవి ఒకటి పడింది.

మా పక్కింటి గంధం రత్నకుమారి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒంటరిగా ఉంటుంది. తాళం అడిగితే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మాస్టారూ, నాకు నైట్ డ్యూటీలుంటాయి కదండీ. ఇల్లలా తెరిచి వదిలేసి ఎలాగండీ?"

"తాళం ఉంటేనేనమ్మా ప్రమాదం," అన్నాను. "లెక్కలు చెబుతున్నాయి."

"లెక్కలు మీరే చెప్పారంటగా."

"అదేనమ్మా."

ఆవిడ నా మీద గౌరవం కొద్దీ తాళం తెచ్చి ట్రాలీలో వేసింది. తాళంచెవి మాత్రం చాలాసేపు చేతిలోనే పట్టుకుని, అది కూడా వేయాలా అని అడిగింది. వేయాలన్నాను.

తాళాలు పోయాక మా బతుకులు మారిపోయాయి. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చేది. వీర్రాజు గారి బావమరిది కూతురి పెళ్ళికి ముహూర్తం ఆయన చూసొచ్చాడు, భోజనం వాళ్ళావిడ చేసొచ్చింది. నేనూ సువర్చలా కలిసి సినిమాకెళ్ళడం మానేశాం. మొదటి సగం ఆమె చూసొస్తే, రెండో సగం నేను చూసొచ్చి, రాత్రి అన్నాల దగ్గర కథ అతికించుకునేవాళ్ళం. ఎవరూ లేని ఇళ్ళల్లోకి కుక్కలు వెళ్ళి సోఫాల మీద పడుకునేవి. ఓ మధ్యాహ్నం మా ముందుగదిలో ఒక పెద్దమనిషి ఫ్యాను వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఎవరు బాబూ అంటే, "బస్సుకి ఇంకా టైముందండి, తలుపు తీసుందని వచ్చానండి ఆయ్," అన్నాడు. పథకం స్ఫూర్తిని దృష్టిలో పెట్టుకుని మజ్జిగ ఇచ్చి పంపించాను.

తరవాత రెండో సర్క్యులర్ వచ్చింది. 'లోపలి గడియ సైతము అంతర్గత తాళముగానే పరిగణింపబడును' అని దాని సారాంశం. ఆ దెబ్బతో గడియలు ఊడదీశాం. మూడో దానితో బీరువాలకీ పెట్టెలకీ తాళంచెవులు పోయాయి. కాలనీ ఆడవాళ్ళంతా కలిసి వచ్చి స్నానాలగది గడియ సంగతేమిటని నన్ను నిలదీశారు. నేను పైకి రాశాను. 'విషయము పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. పరిశీలన తేలేదాకా ఏం చేయాలో తెలియక, జనం స్నానం చేస్తున్నంతసేపూ గట్టిగా దగ్గడం అలవాటు చేసుకున్నారు. పొద్దున్నపూట మా వీధిలోంచి వెళ్ళేవాళ్ళు ఇక్కడేదో క్షయ ఆసుపత్రి ఉందనుకునేవారు.

ఇంతకీ ఫలితం వచ్చిందా అంటే, వచ్చింది. 'తాళం పగలగొట్టి చోరీ' అన్న గడిలో మా కాలనీకి ఎదురుగా సున్నా పడింది. ఆ సున్నాని ఉదయభాస్కర్ గారు పెద్దది చేయించి, చట్రం కట్టించి, తన గదిలో గోడకి తగిలించుకున్నారు. ఎస్సై లోవరాజుకి ప్రశంసాపత్రం వచ్చింది. అతను దాన్ని తీసుకుంటూ నావైపు అదోలా చూశాడు.

"మాస్టారూ, తాళమే లేనప్పుడు పగలగొట్టడం ఎలా కుదురుద్దండీ?" అన్నాడు మెల్లిగా.

"అదేగా సూత్రం," అన్నాను.

ఆ రోజుల్లో ఒక వింత గమనించాను గానీ దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. రత్నకుమారి ఇంట్లో మిక్సీ కనిపించలేదు. అడిగితే, "మా చెల్లి పట్టుకెళ్ళిందండి," అంది. వీర్రాజు గారి ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఉండే చోట గోనెపట్టా ఉంది. "రిపేరుకిచ్చానండి," అన్నాడాయన అటు తిరిగి. కాలనీలో అందరికీ ఒకేసారి అన్నీ రిపేరుకొచ్చాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.

ఉత్తమ తాళరహిత గృహానికి బహుమతి ఇస్తామని, దానికోసం మూల్యాంకన బృందం ఏ రోజైనా రావచ్చని కబురొచ్చింది. అది నాకు రావాలని నేను కోరుకోలేదని చెబితే సువర్చల కూడా నమ్మదు, మీరెందుకు నమ్మాలి? ఇంట్లో ఉన్న ప్రతి తలుపుకీ నూనె రాసి, వేలితో తోస్తే తెరుచుకునేలా చేశాను. బీరువా తలుపు మధ్యలో తెరుచుకోకుండా మొరాయిస్తుంటే వడ్రంగిని పిలిపించి బాగుచేయించాను.

బృందం వచ్చిన రోజు సువర్చల ఊళ్ళో లేదు. వాళ్ళ చెల్లెలి కోడలికి సీమంతమైతే వెళ్ళింది. పొద్దున్న పది దాటాక ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి వచ్చారు. మెళ్ళో బ్యాడ్జీలు, చేతిలో అట్టకి పెట్టిన కాగితాలు. ముగ్గురూ తలుపు తట్టకుండానే లోపలికొచ్చారు. నాకు చాలా ముచ్చటేసింది.

"దక్షిణామూర్తి గారేనా? మీ పేరు వినని వాళ్ళు లేరండి," అంది ఆడమనిషి.

నేను కాఫీ పెట్టాను. కొత్త కప్పుల్లో పోశాను. వాళ్ళు ఒక్కో గదీ తిరిగి చూశారు, తలుపులు తోసి చూశారు, నాకు మార్కులు వేశారు. వేసిన ప్రతిసారీ కాగితం నావైపు తిప్పి చూపించారు. అన్నీ పదికి పదే.

"చివరి అంశమండి," అన్నాడు పొడుగాయన. "ఇంట్లో అత్యంత విలువైన వస్తువులు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాయో పరిశీలించాలి."

బీరువా తెరిచి చూపించాను. తలుపు ఎంత సులువుగా వచ్చిందో ఆయన మెచ్చుకున్నాడు. వెండి కంచాలు, కుంకుమ భరిణెలు, సువర్చల గాజులు, వాళ్ళమ్మ చివరి రోజుల్లో తన మెళ్ళోంచి తీసి ఆమె చేతిలో పెట్టిన గొలుసు, అన్నీ చీరల కింద ఉన్నాయని నేనే చీరలు పక్కకి జరిపి చూపించాను.

"ఇక మాక్ డ్రిల్ ఒక్కటే మిగిలిందండి," అన్నాడు రెండో ఆయన. "మేం దొంగల్లా నటిస్తాం. మీరు ఇంట్లో లేనట్టు నటించాలి. దానికి ఇరవై మార్కులు."

ఇరవై మార్కులనేసరికి నాలో విద్యార్థి లేచాడు. వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. అక్కడ్నించి చూస్తుంటే ఆడమనిషికి దుప్పటిలో మూట కట్టడం సరిగ్గా రావడం లేదు. కంచాలు జారిపోతున్నాయి. నేను వచ్చి, ఎదురు మూలలు కలిపి ముడి వేసి, మళ్ళీ వెళ్ళి లేనట్టు నటించాను.

ఇంతలో వీధిలోంచి రత్నకుమారి గొంతు వినిపించింది. "మాస్టారూ! మాస్టారూ ఉన్నారా? మీ ఇంటి ముందు ఆటోలో ఏవో ఎక్కిస్తున్నారేంటండీ? మాస్టారూ!"

నేను పలకలేదు. పలికితే ఇరవై మార్కులూ పోతాయి. ఊపిరి కూడా బిగబట్టాను. ఆ డ్రిల్లులో నేను కనబరిచిన ప్రతిభ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆటో వెళ్ళిపోయిన చప్పుడయ్యాక కూడా చాలాసేపు ఇంట్లో లేను.

వాళ్ళు తిరిగి రారని అర్థమయ్యాక బీరువా ముందు కూలబడ్డాను. చీరలు నేను జరిపిన చోటే, జరిపినట్టే ఉన్నాయి.

స్టేషన్‌కి వెళ్ళాను. లోవరాజు కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, పెన్ను తీశాడు.

"తలుపు బద్దలుకొట్టారాండీ?"

"లేదు."

"తాళం?"

నేను చొక్కా మీది కన్వీనరు బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నాను.

"సరే. కత్తి చూపించారా? బెదిరించారా?"

"లేదు. చాలా మర్యాదస్తులు."

"వస్తువులు ఎక్కడున్నాయో వాళ్ళకెలా తెలిసిందండీ?"

"నేనే చూపించాను."

"మూట?"

"ముడి నేనే వేశాను."

అతను పెన్ను కింద పెట్టాడు. "మాస్టారూ, ఇది రాస్తే చదివినోళ్ళు మీరు వాళ్ళకి సారె పెట్టి పంపించారనుకుంటారండి."

నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఉదయభాస్కర్ గారికి చెప్పి రాసుకుంటానని ఫోను చేసి, జరిగిందంతా చెప్పి, ఫోను నాకందించాడు.

"మాస్టారూ, జరిగినది వినడం జరిగింది," అన్నారు ఉదయభాస్కర్ గారు. "మీకు మా విభాగం తరఫున విచారం. అయితే మాక్ డ్రిల్ అనే ఆలోచన మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మాకు తట్టనే లేదు! ఇకపోతే, బహుమతి ప్రదాన సభ దగ్గర పడింది. పైనుంచి పెద్దలు వస్తున్నారు. ఈ సమయంలో ఫిర్యాదు నమోదు కావడం పథకానికి, ముఖ్యంగా మీ సూత్రానికి, మంచిది కాదు. సభ అయ్యాక చేపట్టడం జరుగుతుంది."

నా సూత్రం గురించి ఆయన అంత శ్రద్ధ చూపిస్తుంటే కాదనలేకపోయాను. ఫిర్యాదు ఇవ్వకుండానే ఇంటికొచ్చేశాను.

సాయంత్రం సువర్చల వచ్చింది. సీమంతం కబుర్లు చెప్పబోతుంటే ఆపి, నిలబడే అంతా చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది, చూసింది, మూసింది. మళ్ళీ ఒకసారి తెరిచి, చీరల కింద చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమింది.

"అమ్మ గొలుసు కూడానా?" అంది.

"అది కూడా."

"వాళ్ళకి కాఫీ ఇచ్చారా?"

"ఇచ్చాను."

"ఏ కప్పుల్లో?"

"కొత్తవాటిలో."

ఆమె దొడ్లోకి వెళ్ళి, పొద్దున్నించీ అలాగే ఎండిపోయి ఉన్న ఆ కప్పులు ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. అప్పటికే శుభ్రపడ్డ కప్పుల్ని కూడా తోముతూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చాలా ఏళ్ళకి మొదటిసారి, చేతిలోకి మైకు రాకపోతే బాగుండునని అనిపించింది నాకు.

కానీ మైకు వస్తూనే ఉంది. అసలు మూల్యాంకన బృందం రెండు రోజుల తరవాత వచ్చింది. వాళ్ళు మా బీరువా తెరిచి చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. "తాళం లేదు సరే, లోపల కూడా ఏమీ లేదు. సంపూర్ణ భద్రత!" అని రాసుకున్నారు. బహుమతి మాకే ప్రకటించారు.

సభకి కమ్యూనిటీ హాలు కిక్కిరిసింది. ఎవరూ ఇళ్ళల్లో ఉండకూడదని, అందరూ రావాలని ఆదేశం. అందరి ప్రాణాలూ ఇంటి దగ్గరే ఉన్నాయి. బహుమతి దంపతులిద్దరూ అందుకోవాలన్నారు. సువర్చల రాదనుకున్నాను. పట్టుచీర కట్టుకుని, చేతులకి మట్టిగాజులు వేసుకుని, నాకన్నా ముందు తయారై కూర్చుంది.

మాకు శాలువాలు కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఉదయభాస్కర్ గారు నా గురించి చాలాసేపు మాట్లాడి, "ఇప్పుడు మాస్టారు తమ విజయ రహస్యాన్ని వివరిస్తారు," అంటూ మైకు నాకందించారు. నేను చెయ్యి చాచేలోపు సువర్చల దాన్ని అందుకుంది. ఆమె సభలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"మా ఇంట్లో దొంగలు పడ్డారండి," అంది. "మా అమ్మ గొలుసు పట్టుకుపోయారు. ఈయనే మూట కట్టి ఇచ్చారు. ఈయన మంచాయనే, కానీ నలుగురూ మెచ్చుకుంటే ఒళ్ళు తెలీదు. మీరు ఈయన్ని మెచ్చుకోవడం కాస్త ఆపితే మా ఇంట్లో మిగిలినవైనా మిగుల్తాయి."

ఉదయభాస్కర్ గారు చిరునవ్వుతో ముందుకొచ్చారు. "అమ్మా, మీ ఆవేదన అర్థం చేసుకోవడం జరిగింది. అయితే సాంకేతికంగా దాన్ని చోరీ అనలేం. తాళానికి నష్టం లేదు, తలుపుకి నష్టం లేదు..."

"నా మిక్సీ పోయిందండి!"

వెనక వరసలోంచి రత్నకుమారి లేచి నిలబడింది. "మా చెల్లి పట్టుకెళ్ళిందని అబద్ధం చెప్పానండి. మిక్సీ, గ్యాసు బండ, నేను దాచుకున్న చిన్న ఉంగరం కూడా పోయాయి. మాస్టారు బాధపడతారని చెప్పలేదు."

"మా ఇన్వర్టరు బ్యాటరీ," అన్నాడు వేదిక మీదే ఉన్న వీర్రాజు గారు, ఎవరో తన్ని అడిగినట్టు ఉలిక్కిపడి. "ఆయ్, రిపేరుకి కాదండి. పోయింది. అధ్యక్షుణ్ణి కదా, ఎలా చెప్పనండీ?"

ఆ తరవాత ఎవరు ఏం చెబుతున్నారో విడిగా వినపడలేదు. టీవీ, కుట్టుమిషను, మోటారు, ఆఖరికి ఊరగాయ జాడీలు కూడా. ఒకాయన ఏం పోయిందో చెప్పకుండా ఏడుస్తూ నిలబడ్డాడు. ప్రతి ఇల్లూ పోగొట్టుకుంది. కాలనీ పరువు పోతుందని ప్రతి ఇల్లూ దాచుకుంది. నేను జ్ఞాపిక పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఉదయభాస్కర్ గారు రెండుసార్లు "శాంతించండి" అన్నారు. ఎవరూ శాంతించలేదు. ఆయన అనుభవజ్ఞుడు. మైకు దగ్గరికి వెళ్ళి, "సభ ముగింపుగా జాతీయ గీతాలాపన," అన్నారు.

హాలంతా టక్కున నిలబడింది. ఎవరి ఆక్రోశం వాళ్ళ గొంతులో ఆగిపోయింది. నోట్లో మాట మింగలేక, బయటికి అనలేక, రెండు చేతులూ ఒంటికి ఆనించి, అందరం గీతం పూర్తిగా పాడాం. పాట ఆఖరయ్యేసరికి ఉదయభాస్కర్ గారి జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

జనం తలుపుల వైపు పరిగెత్తబోతుంటే లోవరాజు అడ్డంగా నిలబడ్డాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తన ప్రశంసాపత్రం వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చినా పర్వాలేదనుకున్నట్టున్నాడు.

"ముందు ఇళ్ళకెళ్ళి చూసుకురండి," అన్నాడు. "చూసుకుని ఇక్కడికే రండి. అందరివీ రాసుకుంటాను. తాళం ఉందా లేదా అని అడగనండి."

అతను అడగలేదు. నన్ను మాత్రం ముడి సంగతి ఒక్కసారి అడిగి, రాయకుండా వదిలేశాడు. కొన్నాళ్ళకి ఆ ముగ్గురూ ఈ పథకం కొత్తగా మొదలైన పక్క పట్టణంలో ఇంకో కన్వీనరు ఇంట్లో కాఫీ తాగుతూ దొరికారు. మా వెండి కంచాలు వచ్చాయి. గాజులు వచ్చాయి. గొలుసు అప్పటికే కరిగించేశారట. ఆ మాట నేను చెప్పలేక లోవరాజు చేత చెప్పించాను. సువర్చల తల ఊపి, అతనికి కాఫీ ఇచ్చింది. నేను తరవాత కొత్త గొలుసు చేయిస్తానంటే వద్దంది. అది అమ్మ గొలుసు కాదు కదా అంది.

ఉదయభాస్కర్ గారికి ఏమీ కాలేదు. రోడ్డు భద్రతా విభాగానికి బదిలీ అయ్యారు. ప్రమాదాలకి గురైన వాహనాలన్నీ కదులుతున్నవేనని అక్కడ ఆయన ఈ మధ్య కనిపెట్టినట్టు పేపర్లో చదివాను.

కాలనీకి తాళాలు తిరిగొచ్చాయి. సేకరించినవాటిని సంఘం ఎప్పుడో పాత ఇనపసామానుకి వేసేసింది కాబట్టి అందరం కొత్తవి కొనుక్కున్నాం. గడియలు బిగించడానికి వడ్రంగి వస్తే, మా వీధిలో ఆడవాళ్ళు ముందు స్నానాలగదులే చూపించారు. మా ఇంటి తాళానికి రెండు తాళంచెవులొచ్చాయి. సువర్చల రెండూ తన దగ్గరే ఉంచుకుంది. నాకు అడిగే మొహం లేదు.

రత్నకుమారికి క్షమాపణ చెప్పడానికి వెళితే ఆవిడ నన్ను లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి, "ఇంకోసారి నేను పిలిస్తే మాత్రం పలకండి మాస్టారూ," అంది. అంతే. అంతకన్నా ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు సాయంత్రం షికారు నుంచి వచ్చి నేను బెల్లు కొట్టాలి. నిన్న కూడా కొట్టాను. లోపల్నించి సువర్చల అడిగింది.

"ఎవరు?"

"నేనే."

"నేనే అంటే? అందరూ అదే అంటారు."

"దక్షిణామూర్తిని."

"ఏ దక్షిణామూర్తి?"

అలవాటు ఎక్కడికి పోతుంది? గొంతు సవరించుకున్నాను. "పొన్నాడ దక్షిణామూర్తి, ఎమ్మెస్సీ, స్టాటిస్టిక్స్ రిటైర్డ్ లెక్చరర్, లలితా నగర్..."

'తాళరహిత కాలనీ కన్వీనరు' అనబోయి ఆగిపోయాను.

"ఆ తరవాత?" అంది తలుపు అవతల్నించి.

"ఆ తరవాత ఏమీ లేదు."

ఆమె గడియ తీసింది.

"రండి," అంది. "చేతులు కడుక్కోండి. అన్నం పెడతాను."